మేయర్ దిగాల్సిందే

సాయంత్రం ఐదింటికల్లా ముప్పై ఒక్క సంతకాలు కావాలి. రెండు దాటింది. వెండెల్ చేతిలో ఉన్నవి నాలుగు. అందులో ఒకటి పెళ్ళాందే.

ఊళ్ళో ఓటున్నవాళ్ళు అరవై ఇద్దరు. సగం మంది అర్జీ మీద సంతకం పెడితే మేయర్ దిగిపోతాడు, మళ్ళీ ఎన్నిక పెడతారు. గడువు దాటిందా, ఇంకో ఏడాది దాకా ఆ ఊసెత్తకూడదు. ఇంకో ఏడాది ఈ మేయర్‌ని భరించడం తన వల్ల కాదని వెండెల్ పొద్దున్నే తేల్చేశాడు. తన వల్ల అసలే కాదంది పెళ్ళాం.

రాజీనామా చేయించవచ్చుగా అంటారేమో. ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంకొకరు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. ఒప్పుకునే మహానుభావుడేడీ? నార్త్ డకోటాలో మూలనున్న ఆ ఊళ్ళో మేయర్ పదవికి తనంతట తాను నిలబడిన మనిషే లేడు. బ్యాలెట్ ఖాళీగా ఇస్తారు, ఓటర్లే పేరు రాయాలి. ఎన్నికల ముందు జరిగే ఊరి సమావేశానికి ఎవరు రాకపోతే వాళ్ళ పేరు రాసేస్తారు. అందుకే జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని మరీ వస్తారు జనం. కిందటిసారి ఒక అమాయకుడు చేపలు పట్టడానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి మేయరై కూర్చున్నాడు.

వెండెల్ ముందు ముసలి ఆర్డెల్ తలుపు తట్టాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది, కేకు ముక్క పెట్టింది, పెన్ను మాత్రం ముట్టుకోలేదు.

"మేయర్ ఒట్టి చేతగానివాడు పిన్నీ. ఈ చలికాలం మంచు తీసే బండి నీ వీధికి ఎన్నిసార్లొచ్చింది? రెండంటే రెండు."

"పోనీలే," అంది ఆవిడ అతని వంకే చూస్తూ. "పాపం, అన్నం తింటున్నా ఫోనెత్తుతాడు. పక్కింటి కుక్కలు మొరుగుతున్నాయంటే తనే వచ్చి బతిమాలాడు."

"పక్కింటివాళ్ళనిలే."

"ముందు కుక్కల్ని. అంత మంచోణ్ణి చేతులారా పోగొట్టుకుంటామా?"

వెండెల్‌కి ఒళ్ళు మండిపోయింది. కాఫీ మాత్రం తాగేసి, డ్వేన్ హోటల్‌కి వెళ్ళాడు. అక్కడ పదిహేను మంది ఉన్నారు. అర్జీ చూడగానే అందరికీ ఒక్కసారే కప్పులోకి చూడాల్సిన పని పడింది.

"ఈయన్ని దించితే రేపు ఎవరి పేరు రాస్తారు? నాదా? నీకో దండం, వెళ్ళు నాయనా," అన్నాడు డ్వేన్.

అదీ సంగతి. మేయర్ మీద ప్రేమా కాదు, దోమా కాదు. ఆ కుర్చీ ఎక్కడ తన మెడకు చుట్టుకుంటుందోనని భయం.

మూడున్నరకి వెండెల్ ఏడుపు మొహంతో ఊరి ఆఫీసులో కూర్చుని పాత నిబంధనల పుస్తకం తిరగేశాడు. నలభయ్యో పేజీలో కనపడింది: అర్జీ మీద సంతకం పెట్టినవారి పేరు ఆ వెంటనే వచ్చే ఎన్నికలో రాస్తే చెల్లదు. దించినవాడే ఎక్కి కూర్చుంటాడని పూర్వీకులకు అనుమానం కాబోలు.

వెండెల్ పరుగున వెళ్ళి హోటల్లో ఆ ముక్క పైకి చదివాడు. డ్వేన్ చేతిలో గరిటె ఉండగానే సంతకం గీకేశాడు. పదిహేను మందీ పెన్ను కోసం తోసుకున్నారు. కబురు ఊరంతా పాకింది. చర్చి పాస్టరు ప్రార్థన మధ్యలో ఆపి వచ్చాడు. ఆర్డెల్ మంచులో చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, వరసలో తన ముందు నిలబడ్డ తమ్ముణ్ణి పక్కకు నెట్టేసింది. ఒకాయన రెండుసార్లు పెట్టబోతే పట్టుకుని లాగాల్సొచ్చింది.

ఐదుకి రెండు నిమిషాలుండగా వెండెల్ కాగితాలన్నీ క్లర్క్ మార్లిస్ ముందు పెట్టాడు. ఆవిడ తాపీగా రెండుసార్లు లెక్కపెట్టింది. కవరులో పెట్టి అంటించి ముద్ర వేసింది. గోడ గడియారం ఐదు కొట్టింది.

"మేయర్ దిగిపోయినట్టే," అంది.

వెండెల్‌కి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇక ఎవడి ఖర్మ కాలుతుందో పాపం అని నవ్వాడు కూడా.

మార్లిస్ నవ్వలేదు. "అర్జీ తిప్పినవాళ్ళ సంతకం సాక్షి కిందే లెక్క, అర్జీకి పెట్టినట్టు కాదు, ఊళ్ళో మిగతా అరవై ఒక్కరూ పెట్టేశారు గనక, ఈసారి రాయడానికి మళ్ళీ మీ పేరొక్కటే మిగిలింది, మేయర్ గారూ."