అచ్చాయమ్మ ఊపిరి పాఠం

“ఇంకోసారి పిండి చూడమ్మా,” అంది అచ్చాయమ్మ, కప్పులోకి తొంగి చూస్తూ. కప్పు అడుగైనా తడవలేదు. కోడలు విజయదుర్గ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఏడో నెలలోనే పుట్టేసిన మనవడు, అమలాపురం ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉన్నాడు. కిలోంబావు బరువు. తల్లిపాలు పడితేనే త్వరగా తేరుకుంటాడని డాక్టరు చెప్పినప్పటి నుంచీ అచ్చాయమ్మకి కాలు నిలవడం లేదు. పాలు పడతాయని ఉప్పలగుప్తం నుంచి పాలసొర చేప తెప్పించి పిట్టు వండింది. వెల్లుల్లి కారం దంచింది. కోడలి పక్కనుంచి కదలకుండా, రెండు నిమిషాలకోసారి వచ్చేయా, వచ్చేయా అని అడుగుతూనే ఉంది. ఇంత చేసినా ఒక్క చుక్క రాదేం?

నర్సు ఝాన్సీ వచ్చి, ఒళ్ళూ మనసూ వదులైతేనే పాలు దిగుతాయని, దానికి ఊపిరి సాధన ఉందని చెప్పింది. చెప్పి, కోడలి చెయ్యి కాదు, అత్తగారి చెయ్యి పట్టుకుంది.

“నేనెందుకమ్మా? పాలు రావాల్సింది దానికి కదా.”

“ముందు మీరు నేర్చుకోవాలండీ. ఇంటికెళ్ళాక చేయించేది మీరే కదండీ.”

ఆయ్ అందే గానీ, అచ్చాయమ్మకి తలా తోకా అర్థం కాలేదు.

వరండా చివరి గదిలో చాప మీద కూర్చోబెట్టి, కళ్ళకి తడిగుడ్డ కట్టి, గంటసేపు కదలొద్దంది ఝాన్సీ. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటున్న చప్పుడైంది. పచ్చి బాలింతల మధ్య అరవయ్యేళ్ళ ముసల్దాన్ని, ఇదేం ఖర్మరా బాబూ అని సిగ్గుపడుతూనే అచ్చాయమ్మ ఊపిరి పీల్చింది, వదిలింది. మనవడి కోసం ఏం చెయ్యమన్నా చేస్తుంది మరి. మూడు రోజులూ ఇదే వరస. గుమ్మం దాటించాకే ఝాన్సీ గుడ్డ విప్పేది. అదెందుకో కూడా ఆవిడకి బోధపడలేదు.

నాలుగో రోజు సాధన మధ్యలో ఝాన్సీ పరుగున వచ్చి చెవి దగ్గర చెప్పింది.

“మామ్మగారూ, ముప్పై మిల్లీలీటర్లు వచ్చేయండీ. బాబుకి ట్యూబుతో పట్టేం.”

అచ్చాయమ్మకి ఏడుపాగలేదు. తానిక్కడ ఊపిరి పీలిస్తే అక్కడ కోడలికి పాలెలా పడ్డాయో ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. పోనీలే, పడ్డాయి కదా. పాపం, ఈ పిచ్చితల్లులకీ ధైర్యం చెబుదామని గుడ్డ లాగేసి చుట్టూ చూసింది.

రోజూ ఐసీయూ గుమ్మం దగ్గర కనిపించే ముఖాలే, కళ్ళకి గుడ్డలతో బుద్ధిగా ఊపిరి పీలుస్తున్నాయి.

నలుగురూ అత్తగార్లే.