చైనా నౌరీన్

తెర మీద అభ్యర్థి పేరు చూడగానే నౌరీన్ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

గణపతి. ఊరు సిరొంచ. పూర్వానుభవం: ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, ముప్పై ఏళ్లు.

"అమ్మీ! గణపతి సార్ ఇప్పుడేం చేస్తుండు?" అని లోపలికి కేకేసింది.

"రిటైరై మూడేండ్లు దాటె. పొద్దుగూకేదాక ల్యాప్‌టాప్ ముందటనే కూసుంటుండట," వంటింట్లోంచి తల్లి బాను అంది. "ఏం పనో ఎవలకు తెల్వది. ఎందుకు బేటీ?"

"ఏం లేదు. ఆ తలుపు జర దగ్గరికెయ్యి."

ఉద్యోగం వెతుక్కుంటున్నాడన్న మాట. అదీ తన దగ్గరికే వచ్చాడు. నౌరీన్‌కు ఒళ్లంతా హాయిగా అనిపించింది.

చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు నేర్పే కంపెనీలో ఆమె పరీక్షకురాలు. టీచరు పనికి వచ్చినవాళ్లతో కెమెరా ఆపేసి, మెయ్ అనే చైనా విద్యార్థినిలా మాట్లాడుతుంది. అక్కడి పిల్లలు చేసే తప్పులన్నీ కావాలనే చేస్తుంది. నిన్నటి సంగతిని ఇవాళ్టిదిలా చెప్పడం, అక్కను పట్టుకుని 'హీ' అనడం, రెండు గొడుగుల్ని ఒక గొడుగు చేయడం. ఎదుటివాళ్లు ఎలా దిద్దుతారో చూసి మార్కులు వేస్తుంది. మెయ్ అనే పిల్ల లేదని వాళ్లకు తెలియదు.

రికార్డింగు ఉండదు. ఆమె మాటే వేదం. తప్పుడు మార్కులు వేస్తే అదే రోజు తీసేస్తామన్న కాగితం మీద సంతకం చేసింది నిజమే. కానీ రెండేళ్లలో అలా పోయినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. అబ్బా నజీరుద్దీన్‌కు చూపు తగ్గి కుట్టుమిషన్ మూలపడినప్పటి నుంచి ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

గణపతి సార్ తెర మీదకు వచ్చాడు. జుట్టు నెరిసింది. చొక్కా ఇస్త్రీ మాత్రం అప్పటిలాగే నలగలేదు.

పదకొండేళ్ల కింద ఇదే మనిషి పదో తరగతిలో ఆమెను నిలబెట్టి పాఠం చదివించాడు. మూడో వాక్యం దగ్గర నాలుక తడబడింది. ఆయన పుస్తకం మూసి, "నీ ఇంగ్లీషు గిక్కడ ఎవలకూ సమజ్ కాదు. చైనాకు పో పిల్లా, వాళ్లకైతే సమజైతది!" అన్నాడు. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమె చైనా నౌరీన్. బజార్లో చైనా, బస్టాండులో చైనా, అహేరి బస్సులో టికెట్ కొట్టే కండక్టరు నోట కూడా చైనా. వారం రోజులు బడికి పోలేదు. ఇంగ్లీషు మీద ప్రేమతో నేర్చుకున్నవాళ్లు ఉంటారేమో, ఆమె మాత్రం కసితో నేర్చుకుంది.

"హలో, మెయ్," అన్నాడు సార్.

"హలో టీచర్. యెస్టర్‌డే మై సిస్టర్ గో మార్కెట్. హీ బై టూ అంబ్రెల్లా."

ఆయన నవ్వలేదు. ఆ వాక్యాన్నే సరిచేసి మెల్లగా పలికి, మళ్లీ పలకమన్నాడు. ఆమె మళ్లీ తప్పే పలికింది. ఇంకోసారి. మరోసారి. ఆయన గొంతు పెరగలేదు.

తరువాత చదివి జవాబు చెప్పే పాఠం. వాన పడుతున్నా గొడుగులమ్మే ముసలామె దుకాణం ఎందుకు మూసింది? గొడుగులన్నీ అమ్ముడుపోయాయని నాలుగో వాక్యంలోనే ఉంది. కళ్లున్నవాళ్లెవరైనా చెప్తారు.

"బికాజ్ రెయిన్ ఈజ్ హంగ్రీ," అంది మెయ్.

సార్ కాగితం మీద దుకాణం బొమ్మ గీశాడు. ఒక్కొక్క గొడుగే కొట్టేస్తూ తెర ముందు పట్టుకున్నాడు. తొమ్మిది తప్పు జవాబులకు తొమ్మిదిసార్లు ఓర్చుకున్నాడు. మార్కుల ఫారంలోని పది అంశాలనూ ఎవరో పక్కనుండి చెప్పినట్టే వరుసగా చేసుకుంటూ పోయాడు.

నౌరీన్‌కు కళ్లు మండాయి. ఈ ఓపికను ఆనాడు ఏ ప్రాణహితలో కలిపావు సార్? పదిహేనేళ్ల పిల్ల మీద ఇందులో పిసరంత చూపిస్తే నీ సొమ్మేం పోయేది?

"టీచర్, యువర్ ఇంగ్లీష్ వెరీ బ్యాడ్," అంది చివరికి.

"అలాగా? అయితే ఇంకోలా చెప్తాను," అని ఇంగ్లీషులో అంటూ ఆయన పక్కనున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

సరిగ్గా ఇరవై అయిదో నిమిషానికి పాఠం ముగిసింది. సార్ కళ్లద్దాలు సర్దుకుని కెమెరాలోకి సూటిగా చూశాడు.

"మెయ్, నా పాఠంలో నీకు నచ్చనిది ఏమైనా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నో, టీచర్."

తెర ఆరిపోయింది. నౌరీన్ ఫారం తెరిచింది. పది అంశాలకూ పది సున్నాలు చుట్టింది. కింద వ్యాఖ్య రాయాలి. దానికి క్షణం కూడా ఆలోచించలేదు. "ఓపిక లేదు. విద్యార్థిని చదువుతుంటే ఎగతాళి చేశాడు. ఇతన్ని పిల్లల దగ్గరికి రానివ్వకండి." మళ్లీ చదువుకుంది. ఒక్క అక్షరం కూడా అబద్ధం అనిపించలేదు. పంపేసింది.

బాను తలుపు తోసుకుని వచ్చింది. "ఏంది బేటీ, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?"

"పదకొండేండ్ల సంది కాలుల ఇరిగిన ముల్లు, అమ్మీ. ఇయ్యాల తీసేసిన."

"ఇగ పరేషాన్ లేదు కదా?"

"ఇగ లేదు," అని నౌరీన్ చల్లారిన చాయ్‌నే తీపిగా తాగింది.

రెండు సందుల అవతల, అదే కంపెనీలో పరీక్షకులు మార్కులు నిజాయితీగా వేస్తున్నారో లేదో అభ్యర్థిలా కూర్చుని తనిఖీ చేసే ఉద్యోగంలో మూడేళ్లుగా ఉన్న గణపతి సార్, ఆ రిపోర్టు రెండుసార్లు చదివి, నౌరీన్ పేరు ఎదుట 'ఈ రోజే తొలగించాలి' అని రాశాడు.