దీవి పిట్ట

"ఇయ్యాల పిట్ట నోరు తెర్వకపోతే రేపు నిన్ను వాపస్ పంపుతరు తమ్మీ," అన్నాడు తోట మేస్త్రీ రాజేశం.

అరబ్బు దేశంలో ఖతీఫ్ ఊరి అవతల, కఫీల్ అని పిలిచే యజమాని ఖర్జూరపు తోటలో కిటికీ లేని రేకుల గది అది. లోపల ఒక పంజరం, ఒక పిట్ట. నిన్ననే దిగిన లింబాద్రి పొద్దుటినుంచి దానికి అరటిపండు పెట్టాడు, ఈల వేశాడు, చివరికి బతిమాలాడు కూడా. అది కిక్కురుమంటే ఒట్టు.

వాపస్ పోతే ఎట్లా? ఇదే గదిలో పిట్టను సాకిన సదానందం బావ, తనకు వీసా పంపిన వారానికే అజా పజా లేకుండా పోయాడు. అతని భార్య, తన తోడబుట్టిన జయక్క కంటికి నిద్ర లేదు. బావ జాడ తెలియకుండా ఏ మొహంతో ఇల్లు చేరాలి?

"అన్నా, మా బావ యాడున్నడు?"

"సదానందమా? ఎగ్జిట్ వీసా కొట్టించుకొని దేశం పోయిండు గదా. ఇల్లు చేరలేదా?" రాజేశం పిట్టనే చూస్తూ అన్నాడు.

లింబాద్రి పంజరం దగ్గరికి జరిగాడు. "ఇది మన గోరింక లెక్కనే ఉంది. దీనికింత కావలి ఎందుకన్నా?"

"ఇది దీవి గోరింక. యాడనో సముద్రంల ఒక్క దీవి ఉంది, ఆ అడవిలనే పుడ్తది. ఇప్పుడక్కడ కూడ పట్టుమని పది లేవు. మెడెనక పసుపు తోలు చూడు, ఎంత పెద్దగుందో. ఒళ్లు కూడ మన గోరింకకు రెండింతలు. అయినా కఫీల్‌కు నమ్మకం లేదు. అసలుదైతే సాకినోని గొంతు అట్లనే దించాలెనంటడు. ఒక్కసారి వింటే రాదు. వందసార్లు విన్న మాటే అంటది."

"బావ సాకిండు గదా, ఒక్క మాటన్న పట్టదా?"

రాజేశం తలుపు వైపు తిరిగాడు. "కఫీల్‌ను పిలుచుకొస్త. గడియ పెడుతున్న, పిట్ట పోతది," అంటూ బయటికి నడిచాడు. అవతల గడియ పడింది. అడుగుల చప్పుడు దూరమైంది.

అప్పుడు పిట్ట కదిలింది. కమ్మీ చివరిదాకా వచ్చి, తల వంచి లింబాద్రిని చూసి, చిన్నగా దగ్గింది. అది బావ దగ్గే. లింబాద్రికి ప్రాణం లేచొచ్చింది. ఇక తనను వాపస్ పంపరు. బావ జాడ దొరికినట్టే.

నిన్న దిగినప్పటినుంచి ఇక్కడ అతణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. కఫీల్‌కు సదీక్, అంటే నేస్తం; రాజేశానికి తమ్మీ.

పిట్ట బావ గొంతుతో, బొంగురుగా, ఏడుస్తున్నట్టుగా అంది:

"లింబాద్రీ, నువ్వు రాకురా. వీళ్లు గడియ తియ్యరు."