తలుపు తర్వాత తనిఖీ

అనంతగిరి అడవిలో పిట్టల్ని చూసొచ్చిన సువర్చల కాళ్ళీడ్చుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"ఇక మెడ చూపించండి," అంది తలుపు. చూపించింది. "పిడుదులు లేవు," అంటూ తెరుచుకుంది. నెత్తురు పీల్చే ఆ పురుగుల జబ్బు మొదలయ్యాక ఊళ్ళో ఏ తలుపైనా ఇంతే. పచ్చిక తొక్కొచ్చినవాళ్ళని ఒళ్ళంతా వెతికిగానీ లోపలికి రానివ్వదు.

లోపల భర్త ఉమాపతి పీట వేసి సిద్ధంగా ఉన్నాడు.

"తలుపు చూసింది కదండీ," అంది నీరసంగా.

"నన్నూ తలుపే చూసింది."

తలుపు కనిపెట్టలేకపోయిన ఒక్క పిడుదు కాటుకే ఆయన మోకాళ్ళు బిగుసుకుపోయి, అడవి మానేశాడు. సువర్చల కూర్చుని తల వంచింది. కళ్ళు మసకైనా తన వేళ్ళు మోసపోవని ఆయన నమ్మకం. పాపిడి, చెవుల వెనక, మెడ గుంట, అన్నీ తడిమాడు.

"ఏం కనబడిందివాళ?"

"పొన్నంగి పిట్ట. దానికోసం గంటసేపు ఎండుటాకుల్లో కూర్చున్నా."

"ఆకుల్లోనా! బుద్ధుందా నీకు?" అని తిట్టి మళ్ళీ మొదట్నుంచీ వెతికాడు. "ఏం లేవు. లే," అన్నాడు తృప్తిగా.

స్నానాల గదిలో జుట్టు విప్పుకుంటుంటే కుడిచెవి వెనక నువ్వుగింజంత తగిలింది. సరిగ్గా ఆయన రెండుసార్లు తడిమిన చోటే. ఆ జబ్బు మోకాళ్ళతో ఆగలేదు, వేళ్ళలో స్పర్శని కూడా తినేస్తోంది. ఆయనకింకా తెలీదు.

పట్టకారుతో నిదానంగా లాగి స్పిరిట్ సీసాలో వేసింది. సీసాని సున్నిపిండి డబ్బా వెనక దాచింది.

"ఏమైనా మిగిలిందా?" బయట్నుంచి అడిగాడు.

"మీ చెయ్యి పడ్డాక ఇంకేం మిగులుతుందండీ," అంది.

సీసాలో అది నాలుగోది.