తిండి ముట్టని పిల్లలు

"తినని పిల్లలేమైనా ఉన్నాయా?"

ఆ ముసలాయన ఏటా అడిగే మాటే అది. ఫ్లోరిడాలో ఎక్కడ పాముల సంత జరిగినా, మధ్యాహ్నం దాటాక వస్తాడు. కాళ్ళకి బురద బూట్లు, చేతిలో దిండు గలీబు. ఒక్క పామూ కొనడు.

అక్కడ అమ్మేవి ఎక్కువగా కార్న్ స్నేక్‌లు. ఒకప్పుడు పొలాల్లో దొరికే, విషంలేని మామూలు పాము అది. జనానికి కొత్త రంగుల పాముల పిచ్చి పట్టాక పెంచేవాళ్ళు ఎక్కువయ్యారు, పారేసేవాళ్ళూ ఎక్కువయ్యారు. గుడ్డులోంచి వచ్చి, పసి ఎలుకని నోటి ముందు పెట్టినా ముట్టని పిల్లలు ప్రతి బల్ల దగ్గరా నాలుగైదు ఉంటాయి. ఎలాగూ చచ్చేవే.

వాటినే ఆయన అడిగి పట్టుకెళతాడు.

"వచ్చాడ్రా కింగ్ స్నేక్ తాత!" పక్క బల్ల గ్రేడీ నవ్వాడు. "ఇంట్లో పాముల్ని తినే పాముని మేపుతున్నాడు. మేతకి మనం దొరికాం!"

ఏటా ఈ బల్ల దగ్గర పాములమ్మే రాయిస్ టిల్మన్ కూడా నవ్వేవాడే. ఈసారి నవ్వు రాలేదు.

అతని ముందు అరచేయంత డబ్బాలో ఒక పిల్ల ఉంది. పండిన పీచ్ పండు రంగు. అలాంటి కార్న్ స్నేక్ ఇంతవరకూ ఎవరి దగ్గరా పుట్టలేదు. తల్లితో కొడుకుని, చెల్లితో అన్నని జతకట్టి ఏడేళ్ళు పాటుపడితే ఒక్కటి దిగింది.

పుట్టి ఐదు వారాలు. ఒక్క ముద్ద మింగలేదు.

ముసలాయన వంగి చూశాడు.

"తినటం లేదు కదూ?"

"నీకెవరు చెప్పారు?"

"దాని చర్మం చెప్తోంది. ముడతలు పడింది చూడు. నాకియ్యి బాబూ, పది రోజులు."

"నీ పాముకి ఇంకేదైనా పెట్టుకో పెద్దాయనా. ఇది నా ఏడేళ్ళ కష్టం."

"ఏటా ఇచ్చేవాడివేగా?"

"అవి చెత్త. ఇది వేరు."

ముసలాయనకి కోపం రాలేదు.

"నా పేరు హోయిట్. పలాట్కా వంతెన దాటాక, నది పక్కన మూడో ట్రైలర్ ఇల్లు. మరీ ఆలస్యం చెయ్యకు."

"ఒరే రాయిస్, అడ్రసు కూడా ఇచ్చాడ్రోయ్!" గ్రేడీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మేత ఇంటికి తెచ్చిపెట్టాలంట!"

ముసలాయన ఖాళీ గలీబు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రాయిస్ పట్టు వదల్లేదు. పసి ఎలుకని కడిగి పెట్టాడు. దాని తల చీల్చి పెట్టాడు. బల్లి వాసన పట్టేలా బల్లికి రుద్ది పెట్టాడు. నోరు తెరిచి కుక్కితే, అది కక్కేసింది.

యాభై రెండో రోజున పిల్ల తల ఎత్తలేదు.

"ఫ్రీజర్లో పెట్టెయ్యరా, దానికీ నీకూ పీడ వదులుతుంది," గ్రేడీ ఫోన్లో అన్నాడు.

"నీ నోట్లో మన్ను పడ! నేను పలాట్కా పోతున్నా."

మూడో ట్రైలర్ తలుపు యాభై ఏళ్ళావిడ తీసింది.

"హోయిట్ గారున్నారా అమ్మా?"

"నాన్న పోయిన గురువారం చనిపోయారండీ. గుండె ఆగిపోయింది." ఆవిడ చూపు అతని చేతిలోని డబ్బా మీద పడింది. "తినటం లేదా? లోపలికి రండి. నేను నెల్డాని."

లోపల గోడ పొడుగునా చెప్పుల డబ్బాలు. డబ్బాకొక కార్న్ స్నేక్, నిగనిగలాడుతూ.

రాయిస్ అటూ ఇటూ చూశాడు. "మరి ఆ కింగ్ స్నేక్ ఏదమ్మా?"

"ఏ కింగ్ స్నేక్?"

"మీ నాన్న మేపేది."

"నాన్న దగ్గర అలాంటిదెప్పుడూ లేదే! ఈ తినని పిల్లలతోనే సరిపోయేది ఆయనకి."

రాయిస్ తల దించుకున్నాడు.

నెల్డా ఒక రేకు పెట్టె తెరిచింది. నిండా కార్డులు. "దీని అమ్మమ్మ ఎక్కడిది?"

"అమ్మమ్మతో పనేంటి?"

"పిల్ల తినకపోతే, దాని అమ్మమ్మ మొదటిసారి ఏం తిందో చూడమనేవారు నాన్న. ఈ మొండితనం రక్తంలో వస్తుందట."

"అమ్మమ్మ పెద్దయ్యాకే కొన్నాను. ఒకాలా ఊరి దుకాణంలో, ఎనభై ఏడులో. తోక కొస తెల్లగా ఉండేది."

"నాన్న బాగుచేసినవన్నీ దుకాణాలకి ఊరికే ఇచ్చేసేవారు. ఒకాలా... ఎనభై ఏడు... తోక కొస తెలుపు. ఆ ఏడు అక్కడికి ఇదొక్కటే వెళ్ళిందండీ." ఒక కార్డు లాగి చదివింది. "నలభై నాలుగో రోజున తిన్నది. చెట్టుకప్ప వాసన. గుప్పిట్లో, చీకట్లో ఉంచాలి. మనం కదలకూడదు."

ఆవిడ కిటికీ చెక్క వెనక నుంచి ఆకుపచ్చ చెట్టుకప్పని పట్టింది. పసి ఎలుకని దాని వీపుకి రుద్ది ఇచ్చింది.

రాయిస్ మెట్టు మీద కూర్చుని, పిల్లని గుప్పిట్లో మూశాడు. వేళ్ళ సందున ఎలుకని ఇరికించాడు.

గంట గడిచింది. చెయ్యి తిమ్మిరెక్కింది.

రెండో గంట. దోమలు మెడ మీద వాలాయి. అతను కదల్లేదు.

వేళ్ళ సందున చటుక్కున ఏదో లాగింది.

గుప్పిట విప్పేసరికి పిల్ల గొంతులో ఉబ్బు. అది మెల్లగా కిందికి జారుతోంది.

రాయిస్ పిల్లని మెల్లగా డబ్బాలో పెట్టాడు.

"ఆ కార్డోసారి ఇస్తావా అమ్మా? రాసుకుంటాను."

నెల్డా అందించింది. ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాడు.

ముసలాయన పెన్సిలు రాత: "1984. రాయిస్ టిల్మన్ కారు డిక్కీలో పాములమ్ముతున్న చోట, చెత్తడబ్బాలోంచి ఈ పిల్లని తీసుకున్నాను. ఇంకా ఊపిరి ఉంది."