విచారం వ్యక్తం చేసిన మంత్రి

శాసనసభలో మంత్రుల బదులు వాళ్లలాగే కనిపించి మాట్లాడే యంత్ర ప్రతిరూపాలు జవాబులు చెప్పడం మొదలై చాలా ఏళ్లయింది. ఆ ఉదయం కూడా రోడ్ల మంత్రి పరాంకుశం ఇంట్లోనే ఉన్నాడు. భార్య వసుంధరతో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తెర మీద తన ప్రతిరూపాన్ని చూస్తున్నాడు.

మన్యం నుంచి గెలిచిన సభ్యురాలు కురసం జోగమ్మ లేచింది.

"అధ్యక్షా, మా వాగు మీద వంతెన కూలి నెలయింది. మొన్న నిండు గర్భిణిని డోలీలో దాటిస్తుంటే వరద లాక్కుపోయింది. మంత్రిగారు ఏం చెబుతారు?"

ప్రతిరూపం నిధుల వివరాలు చెప్పింది. తర్వాత గొంతు వణికించి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని, తీవ్ర విచారం వ్యక్తం చేసింది. అధ్యక్షుడు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

"ఎవరండీ ఆ కొట్టుకుపోయిన అమ్మాయి?" వసుంధర అడిగింది.

"నాకేం తెలుసు?"

"మరి అక్కడ అంతలా కళ్లు తుడుచుకుంటున్నారేం?"

పరాంకుశం చేతిలోని కాయ పళ్లెంలో పెట్టేశాడు. సభ వాయిదా పడ్డాక జోగమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను పరాంకుశాన్ని."

"మీరా, మీ బొమ్మా?"

"నేనేనమ్మా."

"ఎట్టా నమ్మేది? అది కూడా ఇట్టాగే మాట్టాడుద్ది."



"ఆ అమ్మాయి పేరు నాకు తెలీదమ్మా. చెబుతారా?"



"బొమ్మకైతే తెలిసుండేది," అంది జోగమ్మ. "సోడె ముత్తెమ్మ. వాళ్ల అమ్మ ఇంకా వాగు గట్టునే కూసోనుంది. వస్తారా?"

"వస్తాను."

"వంతెన లేదు మరి."

"మీరెలా దాటితే నేనూ అలాగే దాటతాను," అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.