గ్లాసుడు నీళ్లు

మూడో రోజు జాడీ మూత తీసేసరికి ఆవకాయలో ఊట పైకి తేలి ఉంది. మాణిక్యాంబ నమ్మలేక గరిటె ముంచి చూసింది.

ఇప్పుడు బజారులో దొరికేదంతా కంపెనీ మామిడికాయే. అది ఏడాదైనా కుళ్లదు. ఎంత ఉప్పేసినా చుక్క ఊటా వదలదు. నాలుగు వేసవులు ఎండు ముక్కలే నమిలి ఆమె ఫిర్యాదు చేస్తే, "ఊటంటే కుళ్లడానికి మొదలండి, మా కాయకి ఆ జబ్బు లేదు" అన్నారు కంపెనీవాళ్లు. ఒళ్లు మండి, ఈసారి కాలవ అవతల దాగి మిగిలిన పాత చెట్టు కాయలు తెచ్చింది. దాని పుప్పొడి తగిలితే కంపెనీ తోటలు చెడతాయట. కనబడితే నరికేస్తారు.

"వీధంతా పుల్లటి వాసనని ఫిర్యాదొచ్చిందండి," అంటూ కంపెనీ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి జాడీలోకి తొంగి చూశాడు. "ఇది మా కాయ ఊట కాదు. చెట్టెక్కడ?"

గుమ్మంలో తోడికోడలు సుభద్ర, వెనక ఇరుగుపొరుగు. నలభై ఏళ్లుగా వాళ్లందరికీ ఆవకాయ కలపడం నేర్పిన చెయ్యి మాణిక్యాంబది.

"ఊటా పాడా. ముక్క గట్టిగా ఉందని నేనే గ్లాసుడు నీళ్లు పోశాను."

సుభద్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆవకాయలో నీళ్లా అక్కా?"

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసేశాడు. అతనూ గోదావరి జిల్లావాడే. అంత మాట ఏ ఇల్లాలూ అబద్ధానికైనా ఒప్పుకోదని అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం మాణిక్యాంబ ఒక్కతే వేడన్నంలో ఊట కలుపుకుని, పళ్లు నూరుకుంటూ తింది.